పగటి బువ్వ యాళ్లకు ఢిల్లీ

మా మనుమరాలు సరోజకు పట్నంల మాల్ బుక్ చేసే ఆఫీసుల నౌకరి దొరికింది. లారీల మీద, రైళ్ల మీద, విమానాల మీద ఎవరి మాల్ వాళ్ల ఊర్లకు పంపే ఆఫీసు అది. మొన్న ఆదివారం ఇంటికి వచ్చి, అన్నం తినుకుంట చెప్పింది. ఆఫీసు గోడకు ఒక పెద్ద పట్టీ ఉందట. ఏ ఊరి నుంచి ఏ ఊరికి విమానం ఎంత దూరం పోతది, ఎంతసేపట్ల పోతది, అన్నీ దాంట్ల అచ్చేసి ఉన్నయట.

"నాయినమ్మా, ఢిల్లీ ఎంత దూరం అనుకుంటున్నవ్? రెండు గంటలు. అంతే. మన మెదక్ నుంచి పట్నానికి బస్సుల పోయినంతసేపు కూడ కాదు" అన్నది.

"ఆ పట్టీ చూసుడు నీకు ఎవరు నేర్పిండ్రు?" అన్న.

"నేర్పుడేంది? చూస్తే తెలుస్తది."

పిల్ల తెలివిగలదే, కాదనను. కానీ నేను కూడ ఒకప్పుడు గట్లనే చూస్తే తెలుస్తదనుకున్న. అందుకే ఇది రాస్తున్న. నేను బడిల మూడో తరగతి దాకనే చదివిన. అక్షరం వంకరగ ఉంటే సర్దుకొని చదువుండ్రి. నా మేస్త్రిగిరి ఎప్పుడొచ్చింది, కూలి ఎప్పుడు పెరిగింది, అవన్నీ చెప్పను. వాటి తోని మీకేం పని లేదు.

కన్ను చూసుడు

నేను చేసింది సీతాఫలాల పని. మా యార్డు మెదక్‌ల బస్టాండు వెనుక ఉండె. నర్సాపూర్ అడవికెల్లి, ఈ చుట్టుపక్కల గుట్టలకెల్లి ఆడోళ్లు తెంపిన పండ్లు బండ్ల మీద మా దగ్గరికి వస్తుండె. మేము పది పన్నెండు మంది ఆడోళ్లం కింద కూసోని వాటిని ఏరి, గంపలల్ల పేర్చి, పట్నం తోలుతుంటిమి. ఆడికెల్లి రైలుల బొంబాయి పోతుండె.

సీతాఫలాన్ని చెట్టు మీద మాగేదాక ఉంచరు. ఉంచితే అది పిట్టలకే. పచ్చిగనే తెంపాలె, గడ్డిల మాగబెట్టాలె. దానికి ఒంటి నిండ కండ్లుంటయ్ గద. ఆ కండ్లు దగ్గర దగ్గరగ ఉంటే అది ఇంకా పసిది. కండ్లు ఎడమై, నడుమ గీత తెల్లబడితే రేపో మాపో మెత్తబడతది. ఏ కన్ను ఎప్పటికి మాగుతదో చూసి, ఏ ఊరి గంపల వెయ్యాల్నో చెప్పుడే మా పని. గీత తెల్లగ తేలితే అది పట్నం పండు. కొంచెం మూసుకొని ఉంటే బొంబాయి పండు. మాకు మైళ్లు తెల్వకుండె. బొంబాయి ఎంత దూరమని ఎవరన్న అడిగితే గంపల నుంచి ఒక పండు తీసి చూపిస్తుంటిమి.

నాకు ఈ పని నేర్పింది బడే బీ అని ఒక ముసలామె. పండును ఒత్తి చూసెటోళ్లంటే ఆమెకు మంట. ఒత్తిన కాడ పండు నల్లబడతది. నేను చేరిన కొత్తల ఒకటి ఒత్తిన. నా చేతి మీద ఒక్కటి ఏసింది.

"ఏ పోరీ, నీ చెంప ఒత్తి చూడాల్నా, మాగినవో లేదో?"

అందరు నవ్విండ్రు. నేను తప్పు ఏరిన పండ్లన్నీ బడే బీ పక్కకు పెట్టి, పొద్దూకినంక నా కొంగులనే పోస్తుండె. "ఇంటికి తీస్కపో. తిను. పిల్లలకు పెట్టు. నోరు ఒగరు పడితే గప్పుడు కన్ను తెలుస్తది" అంటుండె. ఆ ఏడు మా ఇంట్ల అందరి నోర్లు ఒగరే. పారెయ్యనియ్యలె నేను ఒక్క పండు కూడ. ఇప్పటి పిల్లలు మేస్త్రి ఒక మాట అంటే రెండు దినాలు అలిగి పనికి రారు. నేను అలగలె. అలిగితే ఎవరికి నష్టం?

పోచయ్య

బొంబాయి గంపలను ఒంటరిగ పంపే అలవాటు మాకు లేదు. వాటి వెంట ఒక మనిషి పోవాలె. ఆ మనిషి పోచయ్య.

పోచయ్యకు చిన్నప్పుడు ఎడ్లబండి చక్రం కాలు మీదికెల్లి పోయింది. ఆ కాలు ఈడ్చుకుంట నడుస్తుండె. దుక్కి దున్నలేడు, మూట మొయ్యలేడు. ఆయన భార్య మల్లమ్మ మా యార్డులనే పండ్లు ఏరుతుండె. ఎండకాలం మామిడిపండ్ల వెంట, దసరా దాటినంక సీతాఫలాల వెంట రైలుల పోయి వచ్చుడు, పోచయ్య కాలుకు సరిపోయిన పని ఇదొక్కటే. ఇది పోతే ఆయనకు ఇంకో పని లేదు. అది మాకందరికి తెలుసు, ఆయనకు మాకన్న ఎక్కువ తెలుసు.

రైలుల ఊరికే కూసునేటోడు కాదు. బండి పెద్ద స్టేషన్ల ఆగితే గంపల మూతులు విప్పి గాలి పెడుతుండె. అడుగున ఉన్న గంప మీదికి, మీదున్నది అడుగుకు మార్పిస్తుండె. ముందుగాల మెత్తబడ్డ పండును తీసి ప్లాట్‌ఫారం మీదనే అమ్ముతుండె, లేకుంటే అది పక్క పండ్లను కూడ పాడు చేస్తది. కూలీలు గంపను విసిరేస్తే వాళ్లతోని కొట్లాడుతుండె. పోర్టర్ల పేర్లు, చాయ్ అమ్మెటోళ్ల పేర్లు, వాళ్ల పిల్లల పేర్లు అన్నీ ఆయనకు నోటికొస్తుండె.

ఒకపారి వానలు పడి ముందున్న పట్టాలు కొట్టుకపోయి, బండి ఒక చిన్న స్టేషన్ల ఆగిపోయింది. ఎప్పుడు కదులుతదో ఎవరికి తెల్వదు. పోచయ్య ఒక పండు రెండు వక్కలు చేసి గంప మీద పెట్టి, బండిల ఉన్న జనానికే మాలంత అమ్మేసిండు. బొంబాయి పోకుండనే తిరిగొచ్చిండు. యార్డు నడిపే మా రెడ్డి సాబు కోపం చేసెతందుకు లేచిండు.

"బొంబాయి మాల్ నడుమ ఎట్ల అమ్ముతవ్ రా?"

"నేనేం చెయ్యాలె సాబ్? నేను ఇంక ముందటికి రాను అని పండే అన్నది."

సాబుకు నవ్వు ఆగలె.

రెడ్డి సాబు

అడవి పండ్ల గుత్త ఆయనది, యార్డు ఆయనది. ఆయనను తిట్టెతందుకు నేను రాస్తలేను. కూలి ఎన్నడు ఎగ్గొట్టలె. మా ఆడోళ్లను పేరు పెట్టి, అమ్మా అని పిలుస్తుండె. ఎవరింట్లన్న పిల్లకు జరం వస్తే తన జీపుల దవాఖానకు తోలుతుండె. ఆయనకు ఉన్నది ఒక్కటే జబ్బు. కొత్తది ఏదన్న కనపడితే పాతదంత దండుగ అనిపిస్తుండె. నైలాన్ తాడు కొత్తగ వచ్చినప్పుడు, నార తాళ్లు తీసేసి గంపలన్నిటికి అదే కట్టుమన్నడు. అది జారుడు తాడు, ముడి నిలువలె. లారీ నర్సాపూర్ దాటకముందే గంపలు విప్పుకొని పండ్లు లారీ నిండ దొర్లినయ్. ఆ నైలాన్ తాడును నేను ఇంటికి తెచ్చి బట్టలు ఆరేసుకునెతందుకు కట్టిన. ఇప్పటికి తెగలె.

ఒక ఏడు ఢిల్లీ నుంచి ఒక పండ్ల సేటు వచ్చిండు. అక్కడ గిసొంటి సీతాఫలం దొరకదట. ఆయన ఇంట్ల పెండ్లి ఉంది, విందుల ఈ పండు పెడతడట. అది మంచిగ ముడితే ప్రతి ఏడు సీజనంత మాల్ తీసుకుంట అన్నడు. రైలుల ఢిల్లీ అంటే రెండు రాత్రులు, ఒకపారి మూడు. సీతాఫలం అన్ని దినాలు ఓర్వదు. ఇంతకుముందు ఎవరన్న అడిగినా మేము కాదంటనే ఉంటిమి.

సాబు యార్డుకు వచ్చి నడుమ నిలబడి చెప్పిండు.

"విమానంల పంపుత. పొద్దుగాల బేగంపేటల ఎక్కితే పగటి బువ్వ యాళ్లకు ఢిల్లీల దిగుతయ్."

మేమెవ్వరం విమానాన్ని కింద నుంచి తప్ప చూసినోళ్లం కాదు. మాతోని పండ్లు ఏరే ఎంకటమ్మ నోరు ఆగక అందుకున్నది. వరసకు పోచయ్యకు వదిన అయితది.

"మరి మా మరిది ఏడ కూసుంటడు సాబ్? రెక్క మీదనా?"

"రెక్క మీద కూసుంటే కాలు కిందికి ఏలాడతది. ఢిల్లీ గద్దలు పొడుస్తయ్" అన్నది ఇంకొకామె.

యార్డంత ఒక్కటే నవ్వు. మల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నేను కూడ నవ్విన. పోచయ్య గంప అంచు మీద కూసోని ఉండె. అందరు తన దిక్కే చూస్తున్నరు. లేచి నిలబడ్డడు.

"నేనెందుకు వదినా? నేను ఈడ ముద్ద నోట్ల పెట్టుకొని చెయ్యి కడుక్కునేలోపు గా పండు ఢిల్లీల ఉంటది. గంత జల్ది పోయే పండుకు తోడెందుకు? అదేమన్న అత్తగారింటికి పోతున్న కొత్త పెండ్లికూతురా?"

ఇంకా నవ్వినం. అందరికన్న ఎక్కువ సాబు నవ్విండు. పోచయ్య భుజం తట్టి, "శబాష్! అసలు మాట నువ్వు చెప్పినవ్" అన్నడు.

ఆ సాయంత్రం పోచయ్య మా ఇంటి ముందుకొచ్చి నిలబడ్డడు. లోపలికి రమ్మంటే రాలె.

"శాంతక్కా, సాబుకు జర చెప్పు. నన్ను రెండు దినాల ముందుగాల రైలుల తోలుమను. ఢిల్లీల విమానం దిగే కాడ ఉండి మాల్ దింపుకుంట."

"పొద్దున నువ్వే కద వద్దంటివి?"

"అంటి. అందరు కాలు మీద నవ్వుతుంటే ఇంకేం అనాలె?"

మరునాడు నేను సాబుకు చెప్పిన. "మనిషిని రైలుల తోలుడే ఉంటే విమానం ఖర్చు ఎందుకు శాంతమ్మా? పోచయ్యే వద్దన్నడు కద, నువ్వు లేవా గప్పుడు?" అన్నడు. పైస ఊరికే పోతదంటే నాకు కూడ నచ్చదు. సాబు మాట సరైందే అనిపించింది. మళ్ల అడగలె.

బేగంపేటల

ఢిల్లీకి ఏ కన్ను వెయ్యాలె? గది మాకు ఎవరికి తెల్వకుండె. బడే బీ అప్పటికి సచ్చిపోయింది. పొద్దుగాల పోయి పగటికి దిగితే, మరునాడు విందు. అంటే బాగ తెరిచిన కన్నే వెయ్యాలె. పట్నానికి వేసే పండునే ఢిల్లీకి ఏరినం. బొంబాయి కన్న ఢిల్లీ దగ్గరికి వచ్చినట్టయింది. గంపలల్ల కొత్త వరిగడ్డి, మీద మోదుగాకు. ఆ గడ్డి నేనే పరిచిన. సంక పిల్లను పండబెట్టినంత పైలంగ పెట్టినం.

లారీల నేను, పోచయ్య పోయినం. విమానాల ఆఫీసుల ఒక గుమస్తా గంపలు తూకం పెట్టించుకున్నడు. తెల్లంగి, మెడకు టై.

"వీటి వెంట ఎవరు పోతున్నరు?" అని అడిగిండు.

"ఎవరు పోరు సార్" అన్న.

పోచయ్య ముందటికి వచ్చిండు. "సారూ, నడుమ ఏడన్న ఆగుతదా ఇది?"

"ఒక తాన ఆగుతది. జనం దిగుతరు, ఎక్కుతరు."

"గంపలు కూడ దింపుతరా?"

"జనం ఎక్కువైతే బరువు తగ్గియ్యాలె. గప్పుడు మాల్ దింపి, వెనుక వచ్చే విమానంల ఎక్కిస్తరు. రోజు గట్ల కాదులే."

"దింపితే నీడకు పెడతరా?"

ఆ గుమస్తాకు నవ్వొచ్చింది. మంచిగనే నవ్విండు, ఎక్కిరింపు కాదు. "నువ్వు పోయి గొడుగు పడతవా పెద్దమనిషీ?"

పోచయ్య కూడ నవ్విండు. నాకు తెలిసి ఆయన మనసు గప్పుడే పరేశాన్ అయింది. కంచె బయట నిలబడి విమానం లేచేదాక చూసినం. అది మబ్బులల్ల కలిసిపోయింది. తిరిగొచ్చేటప్పుడు లారీల నర్సాపూర్ అడవి కాడ పోచయ్య అన్నడు:

"అక్కా, బొంబాయి తొవ్వల నాకు ప్రతి స్టేషన్ల ఒక మనిషి ఉన్నడు. ఆ తొవ్వల ఒక్కడు లేడు."

విమానం నడుమ ఊర్ల ఆగింది. ఆ దినం జనం ఎక్కువున్నరు. మా గంపలు దింపిండ్రు. వెనుకటి విమానంల కూడ జాగ లేదట. ఎండల పడి ఉండి ఉండి, విందు అయిపోయినంక ఢిల్లీ చేరినయ్. గంపలు విప్పితే పండ్లు పగిలి, గడ్డి తోని కలిసి, చీమలు పట్టి ఉన్నయట. సేటు మా సాబుకు ఫోన్ చేసి ఏం తిట్టిండో, సాబు మాకు చెప్పలె. ఆయన ముఖం చూస్తే తెలిసింది.

ఎవరి మీద కోపం చేద్దును? జనాన్ని దింపి పండ్లు ఎక్కియ్యరు కద. నేను గుమస్తా అయినా గంపలే దింపుతుంటి. సరోజా, నీ గోడ మీది పట్టీ అబద్ధం చెప్పదు బిడ్డా. కానీ అది విమానం సంగతి చెప్తది, మాల్ సంగతి చెప్పదు. మాల్ పోయేసేపటి కన్న పడి ఉండేసేపే ఎక్కువ. ఎవరన్న మాల్ తెచ్చి ఎంతసేపట్ల పోతదని అడిగితే, ఏడేడ ఆగుతదో, ఆగిన కాడ దాని మొఖం చూసెటోడు ఉన్నడో లేడో అది కూడ చెప్పు. తెల్వకుంటే తెల్వదని చెప్పు. సిగ్గు లేదు దాంట్ల.

ఒక నవ్వులాట మాట

ఢిల్లీ బేరం పోయినంక మళ్ల బొంబాయి గంపలు కట్టినం. పోచయ్య ఎప్పటి తీరుగ సద్ది మూట, గొంగడి పట్టుకొని వచ్చిండు. సాబు ఆయనను లారీ ఎక్కనియ్యలె.

"ఈసారి నుంచి మాల్ ఒట్టిగనే పోతది పోచయ్యా. బొంబాయిల మన ఏజెంటు దింపుకుంటడు. ఢిల్లీ నష్టం మీద ఇంకో ఖర్చు నాతోని కాదు."

నేను, మల్లమ్మ ఇద్దరం సాబు కచేరి అరుగు ముందుకు పోయినం. మల్లమ్మ ఏడుస్తలేదు. గట్టిగనే మాట్లాడింది.

"ఢిల్లీ పండు మనిషి లేకనే కద ఖరాబైంది సాబ్?"

"విమానంల కెల్లి దింపితే ఖరాబైంది. నీ మొగుడు ఉంటే దింపకపోదురా?"

"దింపుదురు. నీడకన్న జరుపుతుండె. ఆడనే అమ్ముతుండె" అన్న నేను.

"శాంతమ్మా, నేను అన్న మాట కాదు ఇది. జల్ది పోయే పండుకు తోడెందుకని అందరి ముందట పోచయ్యే అనలేదా? బొంబాయి బండి కూడ ఇప్పుడు జల్దినే పోతున్నది."

"అది నవ్వులాటకు అన్నడు సాబ్" అన్నది మల్లమ్మ.

"నవ్వులాటకు అన్నా నిజమే అన్నడు. మనిషి పక్కకు కూసుంటే పండు మాగకుండ ఉంటదా?"

మనిషి కూసున్నా పండు మాగుతది. మాగింది అన్న సంగతి తెలుస్తది, అంతే. ఆ "అంతే" అన్నదానికి ఎంత విలువ కట్టి చెప్పాల్నో నాకు ఆనాడు తెల్వలె. ఇప్పుడు కూడ తెల్వదు. అరుగు దిగి వచ్చినం. పోచయ్య గేటు కాడనే ఉన్నడు, సద్ది మూట చంకల పెట్టుకొని. మమ్మల్ని చూడంగనే లారీకి కట్టిన తాళ్లు ఒక్కొక్కటే పట్టి చూసి, ఒకటి వదులైతే మళ్ల గట్టిగ కట్టి, ఇంటికి పోయిండు.

ఆ ఎండకాలం మామిడిపండ్లకు కూడ పిలువలె. మల్లమ్మ కూలి ఇద్దరికి చాలలె. వానలు పడకముందే ఇద్దరు తాండూరు దిక్కు పోయిండ్రని తెలిసింది. ఆడ మల్లమ్మ తమ్ముడు ఉంటడు. బొంబాయి పోయే మా గంపలల్ల కొన్ని మంచిగ ముడుతుండె, కొన్ని ముట్టకపోతుండె. సాబు దాన్ని కిస్మత్ అంటుండె.

తాండూరు స్టేషన్ల

కొన్నేండ్లకు మా చెల్లె బిడ్డ లగ్గానికని తాండూరు పోయిన. స్టేషన్ల దిగంగనే పోచయ్య కనపడ్డడు. వెంట్రుకలు తెల్లబడ్డయ్. ప్లాట్‌ఫారం మీద బుట్ట పెట్టుకొని పల్లికాయ పొట్లాలు అమ్ముతున్నడు. మల్లమ్మ పక్కకు కూసోని పొట్లాలు చుడుతున్నది. నన్ను చూసి ఇద్దరు లేచిండ్రు. చాయ్ తెప్పించిండ్రు. పైసలు నన్ను ఇయ్యనియ్యలె.

మాట్లాడుతుండంగనే బొంబాయి బండి వచ్చి ఆగింది. కిటికీల నుంచి జనం చేతులు చాపి పిలుస్తున్నరు. పోచయ్య బుట్ట ఎత్తుకోలె. కాలు ఈడ్చుకుంట వాళ్లందరిని దాటుకొని, బండి చివరకు, మాల్ డబ్బ కాడికి పోయిండు. దాని తలుపు కాడ తల వంచి నిలబడ్డడు. గార్డుతోని ఏదో అన్నడు. బండి కదిలినంక తిరిగొచ్చిండు.

"మన మెదక్ గంపలే శాంతక్కా. ఎక్కించకముందే ఎండకు పెట్టినట్టున్నరు. అడుగు వరుస మెత్తబడ్డది. మీదియి ఇంకా మంచిగనే ఉన్నయ్. ఈడ దింపి విప్పితే సగం బతుకుతుండె."

"డబ్బకు తాళం ఉంటది కద. ఎట్ల తెలిసింది?"

"వాసనకు తాళం ఏడిది అక్కా?"

"గార్డుకు చెప్పినవా?"

"ప్రతిపారి చెప్త. మంచోడే. నీ మాలా అని అడుగుతడు. కాదంట. మరి నీకెందుకు పెద్దయ్యా అంటడు."

మల్లమ్మ పొట్లాలు చుట్టుడు ఆపి మొగని దిక్కు చూసింది. "బండి నిండ జనం పోయిండ్రు. ఒక్క పొట్లం అమ్మలె నువ్వు. వచ్చే బండికన్న అమ్ముతవా?"

పోచయ్య బుట్ట దగ్గరికి జరుపుకొని కూసున్నడు.

"వచ్చే బండికి అమ్ముత. దాంట్ల మన గంపలు ఉండయ్."